యాభై పిచ్ ప్రొపెల్లరు

ఐదేళ్ళు కష్టపడి కట్టుకున్న విమానానికి ప్రొపెల్లరు ఎంచుకోవడానికి నేను పెట్టిన సమయం గంటన్నర. ఒక శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, మా ఆవిడ భోజనానికి పిలిచేలోపు లెక్క వేసి, ఫారం నింపి పంపేశాను. ఆ గంటన్నరలో చేసిన తప్పు బయటపడటానికి ఏడాది పట్టింది. నిజానికి అదెక్కడా దాక్కోలేదు. మొదటి రోజు నుంచీ మీటరు మీద అంకె రూపంలో కనబడుతూనే ఉంది. ఆ అంకె నాకు నచ్చలేదు, అంతే.

మాది విజయవాడ. ఆటోనగర్‌లో నాన్నకి లేత్ షాపు ఉంది. లారీల షాఫ్టులు, హబ్బులు, బుష్షులు చేసేవారు. సెలవలొస్తే నేనూ అక్కడే. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, అమెరికా వచ్చి, టెక్సాస్‌లో ఆస్టిన్‌కి ఉత్తరాన ఒక ఊళ్ళో స్థిరపడ్డాను. పైలట్ లైసెన్సు వచ్చాక సొంతంగా విమానం కట్టుకోవాలనిపించింది. ఇక్కడ చట్టం ఒప్పుకునే పనే అది. పనిలో ఎక్కువ భాగం కట్టుకునేవాళ్ళు స్వయంగా చెయ్యాలి, నేర్చుకోవడానికో, సరదాకో చెయ్యాలి. యాభై ఒక్క శాతం రూలు అంటారు దాన్ని. నాది రెండు సీట్ల అల్యూమినియం విమానం. ఇంజను ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారుది, విమానానికి తగ్గట్టు మార్చింది. 3,400 ఆర్‌పీఎం దగ్గర 80 హార్స్‌పవరు ఇస్తుంది.

ఆ ఐదేళ్ళూ నేనెంత జాగ్రత్తగా ఉన్నానో చెబితేగానీ తర్వాత చేసిన పని మీకు అర్థం కాదు. ఒక్కో రివెట్ తల గేజితో చూసుకునేవాణ్ణి. కొంచెం వంకరగా కనిపిస్తే డ్రిల్లు వేసి తీసేసి మళ్ళీ కొట్టేవాణ్ణి. ఎడమ రెక్క చివర రేకు ఒకటి మూడుసార్లు చేశాను. అంత పట్టింపు ఉన్నవాణ్ణి, ఇంజను బలమంతా గాలికి అందించే ఆ ఒక్క చెక్క ముక్క దగ్గరికి వచ్చేసరికి ఇది నాకు తెలిసిన విషయమే అనుకున్నాను.

ఎందుకంటే పిచ్ అన్న మాట నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ప్రొపెల్లరు మీద రెండు అంకెలుంటాయి. 54 ఇంటూ 44 అని ఉంటే మొదటిది వ్యాసం, రెండోది పిచ్, రెండూ అంగుళాల్లో. ఒక చుట్టు తిరిగితే లెక్కప్రకారం ఎన్ని అంగుళాలు ముందుకు పోవాలో అదే పిచ్. లేత్ మీద మర కోసేటప్పుడు మేం వాడే మాటే. నాన్న జేబులో ఎప్పుడూ పిచ్ గేజి ఉండేది. కానీ మర ఇనుములో తిరుగుతుంది. ఒక చుట్టుకి ఒక పిచ్ కదిలి తీరుతుంది. ప్రొపెల్లరు తిరిగేది గాలిలో. గాలి ఇనుములా పట్టు ఇవ్వదు, జారిపోతుంది. పైగా ఒక తయారీదారు పిచ్ కొలిచే పద్ధతి వేరు, ఇంకొకరిది వేరు. కొందరు బ్లేడు వెనక చదునైన ముఖం మీంచి కొలుస్తారు. కాబట్టి ఒకరి 44, మరొకరి 44 ఒకటే కానక్కర్లేదు. ఇవన్నీ తర్వాత తెలిశాయి. ఆ సాయంత్రం నాకు తెలిసింది నాన్న పిచ్ గేజి మాత్రమే.

నా ఇంజనుకి 54 ఇంటూ 44 వాడమని విమానం ప్లాన్లతో వచ్చిన పుస్తకంలో ఉంది. కాగితం మీద లెక్క వేశాను. పిచ్‌ని ఆర్‌పీఎంతో గుణించి 1,056తో భాగిస్తే గంటకు ఎన్ని మైళ్ళో వస్తుంది. 44, 3,400 పెడితే దాదాపు 142 మైళ్ళు. ఏ మాత్రం జారుడు లేకపోతే వచ్చే వేగం అది. నాకు చాలలేదు. 50 పెట్టి చూశాను. 161 వచ్చింది. ఆ అంకె దగ్గర పెన్సిలు ఆపి కాసేపు చూసుకున్న సంగతి ఇప్పటికీ గుర్తుంది. దీపావళికి మిత్రులంతా కలిసినప్పుడు ఎంత స్పీడు పోతుంది అని ఎవరో ఒకరు అడుగుతారు. నూట అరవై అని చెప్పొచ్చు. ఇంకా గాల్లోకి లేవని విమానానికి నేను జవాబు సిద్ధం చేసుకుంటున్నాను.

ఆ లెక్కలో తప్పెక్కడుందో మీరు ఈపాటికి పట్టే ఉంటారు. 3,400 తిరుగుతుందని అనుకుని వేగం కట్టాను. కానీ ఆ వేగం ఉంటేనే ఆ ప్రొపెల్లరు 3,400 తిరగగలదు. ఆ వేగం రావాలంటే ఇంజనులో అంత బలం ఉండాలి. గాలిలో వేగం పెరిగేకొద్దీ కావలసిన బలం వేగం ఘనంతో పెరుగుతుంది. 130 మైళ్ళు పోవడానికి 80 హార్స్‌పవరు పడితే, అదే విమానాన్ని 160తో తోలడానికి దగ్గర దగ్గర 150 కావాలి. ఇది నాకు కొత్త విషయం కాదు. కాలేజీలో పరీక్షలో రాసిన జవాబే. రెండు నిమిషాల్లో వేసి చూసుకోగలిగే ఈ రెండో లెక్క ఆ రోజు వెయ్యలేదు. వేస్తే 161 కాస్తా చెరిగిపోతుందని లోపలెక్కడో తెలుసనుకుంటాను.

అక్కడితో ఆగినా బాగుండేది. చెక్క ప్రొపెల్లర్లు చెక్కే ఆయన పంపిన ఫారంలో ఒక వరుస ఉంది, ఫుల్ థ్రాటిల్‌తో సమంగా ఎగిరినప్పుడు కొలిచిన వేగం ఎంత అని. కొలిచిన వేగం అని స్పష్టంగా రాసి ఉంది. నా దగ్గర కొలిచింది ఏదీ లేదు, విమానం ఇంకా గరాజ్‌లోనే ఉంది. అలాంటి విమానాలు కట్టినవాళ్ళు 130 వస్తుందంటున్నారు. నేను 155 అని రాశాను. ఆయన ఫోన్ చేశారు. ఈ ఇంజనుకి ఈ వేగం కొంచెం ఎక్కువ కదా, కొలిచారా అని అడిగారు. ఇలాంటిదే ఇంకొక విమానం అంత పోతోంది, నాది దానికన్నా నున్నగా కట్టాను అని చెప్పాను. అలాంటి విమానం ఏదీ లేదు. పిచ్ 50 కావాలని నేనే అడిగాను. ఆయన నేనడిగింది నేనడిగినట్టు చెక్కి పంపారు. ఆయన పనిలో వంక పెట్టడానికి ఏమీ లేదు.

పెట్టె విప్పిన రోజు ఇంట్లో పండగలా ఉంది. లేత రంగు మేపుల్, ముదురు వాల్‌నట్ చెక్కలు పొరలు పొరలుగా అతికి, నునుపుగా చెక్కి, వార్నిష్ వేశారు. అంచులు వేలితో తడిమి చూసుకుంటూ చాలాసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. హబ్బు మీద 54 ఇంటూ 50 అని అచ్చు కొట్టి ఉంది.

నవంబరులో విమానాన్ని ఎయిర్‌స్ట్రిప్‌కి చేర్చాను. తోకని ఒక పికప్ ట్రక్కు హుక్కుకి కట్టేసి, చక్రాలకి అడ్డాలు పెట్టి, ఫుల్ థ్రాటిల్ ఇచ్చాను. కదలకుండా నిలబడి ఉన్నప్పుడు ఇంజను ఎంత తిరుగుతుందో చూసే పరీక్ష ఇది, స్టాటిక్ ఆర్‌పీఎం అంటారు. పుస్తకం ప్రకారం 2,900 దాటాలి. టాకోమీటరు 2,620 దగ్గర ఆగిపోయింది.

నాకు వచ్చిన మొదటి ఆలోచన, టాకోమీటరు తప్పు చూపిస్తోందని. దాని వైర్లు మార్చాను. సెన్సరు మార్చాను. తర్వాత ప్లగ్గులు మార్చాను, కార్బురేటర్ మిక్స్చర్ సవరించాను, ఇగ్నిషన్ టైమింగ్ మూడుసార్లు పెట్టాను. అన్నీ చేశాక 2,630. పక్క హ్యాంగర్లో ఉండే పెద్దాయన, నలభై ఏళ్ళుగా ఎగురుతున్న మనిషి, ఒకరోజు వచ్చి స్టాటిక్ ఎంత వస్తోంది అని అడిగారు. మీటరు సరిగ్గా లేదండీ, అది తేలాక చెబుతాను అన్నాను. ఆయన ప్రొపెల్లరు హబ్బు మీది అంకెలు ఒకసారి చదివి, తల ఊపి వెళ్ళిపోయారు. ఆ చదవడం నేను గమనించాను. గమనించి ఊరుకున్నాను.

ఆ అంకె అర్థమేమిటో ఇప్పుడు చెబుతాను. ప్రొపెల్లరు బ్లేడు అంటే గుండ్రంగా తిరిగే రెక్క. రెక్క గాలిని ఒక హద్దు దాటిన కోణంతో తాకితే ఇక మోయదు, స్టాల్ అవుతుంది. ఆ హద్దు సుమారుగా పదిహేను డిగ్రీలు. విమానం ముందుకు పోతున్నప్పుడు బ్లేడుకి గాలి ఎదురొచ్చి ఆ కోణం తగ్గుతుంది. నిలబడి ఉన్నప్పుడు ఎదురుగాలి లేదు, ఎంత వంపుగా చెక్కారో అంత కోణమూ గాలికి తగులుతుంది. నా ప్రొపెల్లరు మధ్య నుంచి ముప్పావు దూరంలో బ్లేడు కోణం ఇరవై ఒక్క డిగ్రీల పైనే. సగం దూరంలో ముప్పై. అంటే రన్‌వే మొదట్లో, బలం ఎక్కువగా కావలసిన చోట, నా బ్లేడు చాలా భాగం గాలిని తొయ్యకుండా ఊరికే కలియదిప్పుతోంది. ఆ భారానికి ఇంజను 2,620 దాటి తిరగలేకపోతోంది. 80 హార్స్‌పవరు వచ్చేది 3,400 దగ్గర. 2,620 దగ్గర వచ్చేది అరవైకి కాస్త అటూఇటూ. ఏడాది జీతంలోంచి మిగిల్చి కొన్న ఇంజనులో నాలుగో వంతుని నేనే రన్‌వే మీద దిగవిడిచి పోతున్నాను.

జనవరిలో మొదటిసారి ఎగిరాను. పొద్దున్నే ఎనిమిది డిగ్రీల చలి, గాలి చిక్కగా ఉంది. ఒక్కణ్ణే, సగం పెట్రోలు. పరుగు కొంచెం పొడుగనిపించింది కానీ లేచింది. పైన సమంగా పెట్టి ఫుల్ థ్రాటిల్ ఇస్తే 3,050 ఆర్‌పీఎం, 128 మైళ్ళు. నేను రాసిన 155 లేదు, కలగన్న 160 లేదు. అయినా దిగాక సంతోషంలో మునిగిపోయి ఆ 128 సంగతి పట్టించుకోలేదు. మొదటి విమానయానం చేసిన మనిషి ఆ రోజు ఇంకేదీ పట్టించుకోడు. చలిగాలి నా తప్పుని కప్పి ఉంచింది. వసంతం వచ్చేదాకా వారాంతాల్లో ఎగురుతూనే ఉన్నాను.

సర్టిఫికెట్ లేని ఇంజనూ ప్రొపెల్లరూ పెట్టుకున్న విమానానికి ఇక్కడ మామూలుగా నలభై గంటలు పరీక్షగా ఎగరాలి. అప్పటిదాకా ప్రయాణికుణ్ణి ఎక్కించకూడదు. ఆగస్టుకి నాకు చివరి గంటలు మిగిలాయి. పూర్తి బరువుతో ఎలా ఉంటుందో చూడాలి. సాధారణంగా అందరూ చేసేదే నేనూ చేశాను, పక్క సీట్లో ఇసక బస్తాలు పెట్టాను. మూడు బస్తాలు, ఒక్కోటీ యాభై పౌన్లు. మా ఆవిడ బరువుకి కాస్త ఎక్కువే ఉండాలని మూడు. సీటు బెల్టు వదులు చేసి వాటి చుట్టూ బిగించాను. వచ్చే నెల ఆ సీట్లో కూర్చోవలసింది ఆవిడే.

మధ్యాహ్నం మూడున్నర. 38 డిగ్రీల ఎండ. మా ఎయిర్‌స్ట్రిప్ సముద్రమట్టానికి 900 అడుగుల ఎత్తులో ఉంది కానీ, ఆ వేడికి గాలి 3,900 అడుగుల మీద ఉన్నంత పలచగా ఉంది. రన్‌వే 2,600 అడుగులు. దాని చివర కంచె, కంచె అవతల రోడ్డు, రోడ్డు పక్కన కరెంటు తీగలు. థ్రాటిల్ పూర్తిగా తోసి బ్రేకు వదిలాను. మొదట చాలాసేపు ఏమీ జరగనట్టే ఉంది. ఫలానా గుర్తు దాటేసరికి లేవకపోతే ఆపెయ్యాలని ముందే అనుకుని ఉండాల్సింది. అనుకోలేదు. 1,900 అడుగుల దగ్గర చక్రాలు నేల వదిలాయి. వదిలాక పైకి పోతుందనుకున్నాను. వేరియోమీటరు నిమిషానికి రెండొందల అడుగులు చూపిస్తోంది. 75 మైళ్ళ వేగంతో పోతూ రెండొందలంటే ముప్పై మూడు అడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి. ముక్కు ఇంకొంచెం ఎత్తితే వేగం పడిపోతుంది. ఎత్తకపోతే తీగలు. ఎటూ కదపకుండా అలాగే పట్టుకుని కూర్చున్నాను. తీగలు నా కిందనుంచి వెళ్ళాయి. వాటి మీద వాలిన పావురాలని విడివిడిగా లెక్కపెట్టగలిగేంత దగ్గర్లో. అవి ఎగిరిపోలేదు కూడా.

అవతల వాగు ఉండి నేల పల్లంగా ఉంది కాబట్టి సరిపోయింది. ఆయిల్ వేడి ఎర్రగీత దగ్గరికి వచ్చింది. మెల్లగా, చాలా మెల్లగా తిప్పుకుని వచ్చి దిగాను. హ్యాంగరు ముందు ఇంజను ఆపాక బెల్టు విప్పుకోబోతే వేళ్ళకి పట్టు చిక్కలేదు. పక్కకి చూశాను. మూడు బస్తాలూ బెల్టులో కుదురుగా కూర్చుని ఉన్నాయి. వాటి మీద చెయ్యి వేశాను. ఎండకి గోనె వేడెక్కి ఉంది.

ఇంత జరిగాక కూడా నేను మొదట అనుకున్నదేమిటంటే, ఎండలు తగ్గితే సర్దుకుంటుందని. ఆ మాట నా మనసులోకి వచ్చినప్పుడే నాకు నామీద అనుమానం కలిగింది. నవంబరులో మీటరు తప్పన్నాను. ఇప్పుడు ఎండ తప్పంటున్నాను. చీకటిపడేదాకా హ్యాంగర్లో కూర్చున్నాను. తర్వాత, మీటరు సంగతి ఇవాళ్టితో తేల్చెయ్యాలనిపించింది.

విమానాన్ని బయటికి తోసి, ముక్కు హ్యాంగరు వైపు ఉండేట్టు పెట్టి, తోక మళ్ళీ ట్రక్కుకి కట్టాను. హ్యాంగర్లో గోడకి పాత చోక్ ట్యూబ్‌లైటు ఒకటే వెలుగుతోంది. ఇంజను స్టార్ట్ చేసి, తిరుగుతున్న ప్రొపెల్లరులోంచి ఆ లైటుని చూశాను. ఈ ఉపాయం విమానాల వాళ్ళకి తెలిసిందే. నాకు మాత్రం ఆటోనగర్ నుంచి తెలుసు. మా షాపులో పైన ట్యూబ్‌లైట్లున్నా ప్రతి లేత్ దగ్గరా నాన్న ఒక మామూలు బల్బు వేలాడదీసేవారు. ట్యూబ్‌లైటు సెకనుకి వందసార్లు వెలిగి ఆరుతుంది, కంటికి తెలియదు. చక్ సరిగ్గా దానికి లయ కలిసే వేగంలో తిరిగితే ఆగిపోయినట్టు కనిపిస్తుంది. ఆగిందనుకుని చెయ్యి పెట్టావా, అంతే సంగతులు అని పనిలోకి వచ్చిన ప్రతి కుర్రాడికీ చెప్పేవారు. అమెరికాలో కరెంటు అరవై సైకిల్స్ కాబట్టి ట్యూబ్‌లైటు సెకనుకి నూట ఇరవైసార్లు వెలుగుతుంది. నిమిషానికి 1,800 తిరిగే ప్రొపెల్లరు సెకనుకి ముప్పై చుట్లు తిరుగుతుంది. ఒక్కో చుట్టులో నాలుగుసార్లు వెలుగు పడుతుంది. రెండు బ్లేడుల ప్రొపెల్లరు నాలుగు బ్లేడులుగా, కదలకుండా నిలబడి కనిపించాలి.

థ్రాటిల్ మెల్లగా పెంచుకుంటూ పోయాను. మసకగా ఉన్న గుండ్రంలో ఏవో నీడలు వెనక్కి నడవడం మొదలుపెట్టాయి. నిదానించాయి. ఇంకొక్క వెంట్రుకవాసి తోశాను. నీడలు ఆగాయి. నా ఎదురుగా నాలుగు చేతుల కూడిక గుర్తు గాలిలో నిలబడింది. మేపుల్, వాల్‌నట్ పొరలు కూడా తెలుస్తున్నట్టనిపించింది. కళ్ళు కిందికి దించి మీటరు చూశాను. 1,800. ముల్లు గీత మీద ఉంది.

ఎంతసేపు చూస్తూ ఉండిపోయానో తెలీదు. ఇంజను వణుకు సీట్లోంచి నడుములోకి వస్తోంది. ఎదురుగా ఆ నాలుగు చేతులూ కదలడం లేదు. మీటరు నవంబరు నుంచీ నిజమే చెబుతోంది. వైర్లు మార్చినప్పుడూ నిజమే చెప్పింది. ప్లగ్గులు మార్చినప్పుడూ నిజమే చెప్పింది. మొత్తం ఈ వ్యవహారంలో అబద్ధం ఒక్కటే ఉంది. అది ఫారంలో నా చేత్తో రాసిన 155. ఆ అబద్ధాన్నే ఒక మంచి పనివాడు చెక్కలో చెక్కి పంపాడు. దాన్నే నేను ఇంజనుకి బిగించి, దాని వెనక మూడు బస్తాలు కూర్చోబెట్టి తీగల మీంచి తీసుకెళ్ళాను.

ఇంటికి వెళ్ళేసరికి తొమ్మిదయింది. విజయవాడలో పొద్దున్న ఏడున్నర. నాన్నకి ఫోన్ చేశాను. ఏం జరిగిందీ చెప్పకుండా, ఇంజను తిరగడం లేదు నాన్నా అన్నాను.

"కదలకుండా కట్టేసి ఫుల్లు రేజ్ చేస్తే ఎంత తిరుగుతోందిరా?"

"2,620."

"ఎంత తిరగాలి?"

"2,900 పైన."

"మీటరు కరెక్టేనా?"

"ఇందాకే చూశాను. కరెక్టే. ట్యూబ్‌లైటుతో చూశాను."

"మరింకేంట్రా? లోడెక్కువైంది. ఘాట్ రోడ్లు తిరిగే లారీకి క్రౌన్ పినియన్ మార్పించుకోరూ? అలాంటిదే."

అవును, అలాంటిదే. పిచ్ మార్చడానికి వీల్లేని ప్రొపెల్లరంటే ఒకే గేరున్న బండి. కొండ ఎక్కడానికీ అదే, చదునైన హైవేకీ అదే. రెంటికీ మధ్యలో ఎక్కడో రాజీ పడాలి. చిన్న ఎయిర్‌స్ట్రిప్ నుంచి ఎండలో లేవాల్సినవాడు కొండవైపే మొగ్గాలి. నేను కోరుకున్నది లేని హైవేకి పనికొచ్చే గేరు. నేను పది నెలలు తిరిగిన చోటికి నాన్న రెండు నిమిషాల్లో వచ్చేశారు.

"ఇవాళ అమ్మాయి గానీ ఎక్కిందా?" అన్నారు ఉన్నట్టుండి.

"లేదు నాన్నా. ఇసక బస్తాలు పెట్టాను."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. షాపు షట్టరు ఎత్తుతున్న చప్పుడు వినబడింది. "సరే, కుర్రాళ్ళొచ్చారు" అని పెట్టేశారు.

మర్నాడు ప్రొపెల్లరు చెక్కిన ఆయనకి ఉత్తరం రాశాను. ఫారంలో వేగం అబద్ధమని, ఫోన్లో చెప్పిన విమానం లేదని రాశాను. కింద నేను కొలిచిన అంకెలన్నీ వరుసగా పెట్టాను: స్టాటిక్, సమంగా పోయేటప్పుడు ఆర్‌పీఎం, వేగం, రన్‌వే పొడుగు, ఎత్తు, ఆగస్టులో ఎండ. ఆయన మందలించలేదు. 44 వేద్దాం, మీ అంకెలు దానికి సరిగ్గా కుదురుతున్నాయి అని రాశారు. ఈలోగా నాకు ఇంకో ఆశ కూడా పుట్టింది, ఎటూ కొత్తది కొంటున్నాను కదా లోహంది కొంటే పోలా అని. ఈ ఇంజను క్రాంక్‌షాఫ్టు కారు కోసం పుట్టింది, బరువైన లోహపు ప్రొపెల్లరు వణుకుని తట్టుకోలేక విరుగుతుంది, చెక్కైతే ఆ వణుకుని మింగేస్తుంది అని ఈసారి ముందుగా అడిగి తెలుసుకున్నాను. పక్క హ్యాంగరు పెద్దాయన్నే అడిగాను.

కొత్తది వచ్చేదాకా రైట్ సోదరుల సంగతి చదువుతూ కూర్చున్నాను. ఓడల ప్రొపెల్లర్ల లెక్కలు ఎక్కడో సిద్ధంగా ఉంటాయి, తెచ్చి వాడుకుందాం అనుకున్నారు వాళ్ళు. పనికొచ్చేవి దొరకలేదు. అప్పుడు ఇది తిరిగే రెక్కే కదా అని మొదట్నుంచి ఆలోచించుకుంటూ వచ్చారు. అన్నదమ్ములిద్దరూ గంటల తరబడి వాదించుకుని, చివరికి ఒకరి మాటకి మరొకరు ఒప్పుకుని, మళ్ళీ ఇద్దరూ రెండు వైపులే ఉండేవారని ఆర్విల్ తర్వాత రాశాడు. వాళ్ళ దగ్గరున్నది 12 హార్స్‌పవరు ఇంజను. ఎనిమిదిన్నర అడుగుల ప్రొపెల్లర్లు రెండు, గొలుసులతో నిమిషానికి 350 చుట్లు మాత్రమే తిప్పారు. ఎక్కువ గాలిని మెల్లగా తొయ్యడమే తక్కువ బలం ఉన్నవాడికి లాభమని 1903 నాటికే తెలుసుకున్నారు. తమ దగ్గర ఎంత బలం ఉందో, ఎంత బరువు లేపాలో ముందు కాగితం మీద పెట్టుకుని ఆ తర్వాతే చెక్క మీద చెయ్యి వేశారు. అది చదివిన రాత్రి నాకు సరిగ్గా నిద్రపట్టలేదు.

సెప్టెంబరు చివర కొత్త ప్రొపెల్లరు బిగించాను. స్టాటిక్ 2,930. అవే మూడు బస్తాలు, 33 డిగ్రీల మధ్యాహ్నం. 1,350 అడుగులకి లేచింది. నిమిషానికి 480 అడుగులు ఎక్కింది. తీగలు చాలా కిందుగా వెళ్ళాయి. పైన సమంగా పెట్టి థ్రాటిల్ తోశాను. 3,280 ఆర్‌పీఎం, 131 మైళ్ళు. యాభై పిచ్ ప్రొపెల్లరు కన్నా మూడు మైళ్ళు ఎక్కువ. వేగం కోసం పెంచిన పిచ్ వేగాన్ని కూడా తినేసింది, ఇంజనుని తన బలం దగ్గరికి చేరనివ్వలేదు కాబట్టి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఇది నన్ను కాకపోయినా మీలో ఎవరినైనా కాపాడొచ్చు. చెక్క ప్రొపెల్లరుని బోల్టులు తిప్పవు. బోల్టులు హబ్బుని ఇంజను ఫ్లాంజికి అదిమి పడతాయి, ఆ అదుముడులో పుట్టే రాపిడే దాన్ని తిప్పుతుంది. చెక్క వానల్లో ఉబ్బుతుంది, పొడి చలిలో కుంచించుకుంటుంది. ఒకసారి టార్క్ రెంచితో బిగించేశాం కదా అనుకుంటే, చలికాలానికి ఆ అదుముడు తగ్గి హబ్బు లోపల రాసుకుని మాడిపోతుంది. ఇనుము మధ్య పెరిగినవాణ్ణి, నాకిది తోచలేదు. డిసెంబరులో పెద్దాయన చూడమంటే చూశాను. ఒక బోల్టు పావు చుట్టు తిరిగింది. విప్పి చూస్తే హబ్బు ముఖం మీద గోరంత మేర గోధుమ రంగు మచ్చ. అప్పట్నుంచి ఆ రెంచి విమానంలోనే ఉంటుంది. తేదీ, టార్క్ అంకె పుస్తకంలో రాస్తాను. ప్రొపెల్లరుని అడ్డంగా ఆపి పెడతాను, నిలువుగా ఆపితే తేమ కింది బ్లేడులోకి దిగి బరువు తేడా వస్తుంది.

మా ఆవిడ ఎక్కిన రోజు అంతకుముందే, అక్టోబరులో ఒక ఆదివారం. ఎక్కించే ముందు ఆగస్టు సంగతంతా చెప్పాను. అప్పటిదాకా చెప్పలేదు. ఫారం గురించి, ఫోన్లో ఆడిన అబద్ధం గురించి, తీగల గురించి, బస్తాలు ఎవరి కోసమో. ఆవిడ రెక్క మీద చెయ్యి పెట్టుకుని విన్నది. "ఇప్పుడు దేన్ని చూస్తే తెలుస్తుంది?" అని అడిగింది. ఈ ముల్లు, రన్‌వే మొదట్లో బ్రేకు మీద నిలబెట్టి ఫుల్లు ఇస్తే 2,900 దాటాలి, దాటకపోతే ఆపేస్తాను అన్నాను. తల ఊపి ఎక్కి కూర్చుంది. బెల్టు ఇంకా బస్తాల కొలతకే వదులుగా ఉంది. లాగి బిగించుకుంది.

రన్‌వే మొదట్లో బ్రేకు నొక్కి పట్టుకుని థ్రాటిల్ ముందుకు తోశాను. నేను మీటరు వైపు చూసేలోపే హెడ్‌సెట్‌లో ఆవిడ గొంతు వినబడింది.

"రెండువేల తొమ్మిదొందల నలభై. వదలండి."